గైడ్ల బజారులో మరో పుస్తకం

మూసారాంబాగ్ దాటి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ చౌరస్తా వరకు సాగే రోడ్డుపై రోజూ అమ్ముడయ్యే అచ్చు కాగితానికి లెక్క లేదు. గ్రూప్స్ గైడ్లు, కానిస్టేబుల్ ఉద్యోగాల మోడల్ పేపర్లు, డి.ఎస్.సి. బిట్ బ్యాంకులు, కరెంట్ అఫైర్స్ మాసపత్రికలు, సాఫ్ట్‌వేర్ కోర్సుల జిరాక్సు నోట్సు. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో తలదాచుకుంటున్న పిల్లల ఆశలన్నీ ఆ కాగితం మీదే ఆనుకుని ఉన్నాయి. వారిలో మన పిల్లలూ ఉన్నారు. ఆ గైడ్లను చిన్నచూపు చూడటం మా ఉద్దేశం కాదు. ఉద్యోగం రావాలి, ఇల్లు నిలబడాలి. దానికి గైడే దారి అయితే గైడే కొనాలి. అయితే ఇన్ని దుకాణాల మధ్య ఒక కథల సంపుటినో, ఆత్మకథనో, చరిత్ర గ్రంథాన్నో అడిగి చూడండి. దుకాణదారు తేరిపార చూసి, ఏ పరీక్షకని అడుగుతాడు. పరీక్షతో పనిలేని పుస్తకం కూడా ఉంటుందన్న సంగతిని ఆ బజారు మరిచిపోయింది. మన ఇళ్లూ మరిచిపోతున్నాయా అన్నదే ఈ నెల మా ప్రశ్న.

మన ఇళ్లలోని పుస్తకాల గూటిని ఒకసారి పరికించండి. పై అరలో జరీ గిలాఫ్‌లో ఖుర్ఆన్ షరీఫ్ ఉంటుంది. పక్కన దుఆల కితాబు, నమాజు విధానం తెలిపే చిన్న పుస్తకం, కొన్ని ఇళ్లలో పెళ్లినాడు ఆడపిల్ల చేతిలో పెట్టిన బహిష్తీ జేవర్. కింది అరలో పిల్లల స్కూలు పుస్తకాలు, గైడ్లు. పై అర ఆఖిరత్ కోసం, కింది అర రోజీ కోసం. నడిమి అర ఖాళీగా ఉంటుంది, లేదా అక్కడ మందుల సంచీ, కరెంటు బిల్లులు ఉంటాయి. మనిషి ఎలా బతికాడు, ఎందుకు ఏడ్చాడు, తన తాతలు ఏ నేల మీద ఏం చేశారు, పక్కింటివాడి మనసులో ఏముంది, రాజ్యాంగం తనకు ఏమి ఇచ్చింది అన్న ప్రశ్నలకు చోటు ఆ నడిమి అరలోనే. ప్రతి జల్సాలోనూ వక్తలు మొదటి వహీ ‘చదువు’ అన్న ఆజ్ఞతో మొదలైందని గర్వంగా చెబుతారు. విన్నవాళ్లు ఇంటికి వెళ్లి ఏ పుస్తకం తెరవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి ముఖం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో. మదరసాలకు వెళ్లే పిల్లలు 3 శాతమే అని కూడా అదే నివేదిక తేల్చింది. ముస్లిం అంటే మదరసా అని నోటికి వచ్చినట్టు మాట్లాడేవారికి జవాబుగా ఈ రెండో అంకెను మనం తరచు వాడుకుంటాం. మొదటి అంకె గురించి అంత తరచుగా మాట్లాడుకోం. బడి దాటని ఇంట్లో సాహిత్యం గురించి ఏం మాట్లాడతారని అడిగే మిత్రులున్నారు. మా అనుభవంలో చిన్న కథల పుస్తకం దొరికిన పిల్లవాడు బడిని ఇష్టపడటానికి ఒక కారణం సంపాదించుకుంటాడు. బట్టీ పెట్టించే గైడు ఆ కారణాన్ని ఇవ్వలేదు.

ఇక భయం సంగతి. ఈ ప్రాంతంలో పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు దీనిని దాటవేయలేం. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్లు ఎందరి ఇళ్లనో చీకటి చేశాయి. చనిపోయినవారిలో చదువుకోవడానికి వచ్చిన పిల్లలున్నారు. వారి తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ మాటా నిలవదు. ఆ తరువాతి రోజుల్లో ఈ చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలకు అద్దె ఇల్లు దొరకడం మరింత కష్టమైందన్నదీ, ఉర్దూ అక్షరాలున్న ఏ కాగితాన్ని చూసినా అనుమానపడే చూపులు పెరిగాయన్నదీ మన కుటుంబాలకు తెలిసిన సంగతే. అంతకుముందు 2007 మే 18 నాటి మక్కా మసీదు పేలుడు తరువాత పోలీసులు పట్టుకుపోయిన యువకుల్లో పలువురు చివరకు నిర్దోషులుగా తేలారు. ఆ జ్ఞాపకంతో ఇప్పటికీ కొందరు తల్లులు పిల్లల సంచుల్లోని పుస్తకాలను తిరగేస్తారు. రాజకీయం, చరిత్ర, పాలస్తీనా అన్న మాటలు అట్ట మీద కనిపిస్తే ఇంట్లో పెట్టుకోవద్దంటారు.

ఆ తల్లుల భయాన్ని మేము తప్పుపట్టం. కానీ భయానికి మందు కూడా పుస్తకంలోనే ఉందని వినయంగా చెప్పదలిచాం. కేరళలో 2019 నవంబరులో అలాన్ షుహైబ్, త్వాహా ఫసల్ అనే ఇద్దరు విద్యార్థులను ఉపా చట్టం కింద అరెస్టు చేశారు. వారి దగ్గర దొరికిన పుస్తకాలను, కరపత్రాలను సాక్ష్యంగా చూపించారు. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ఇద్దరికీ బెయిలు నిలబెట్టింది. అటువంటి సాహిత్యం దగ్గర ఉన్నంత మాత్రాన నిషిద్ధ సంస్థ కార్యకలాపాలను ముందుకు నడిపే ఉద్దేశం ఉన్నట్టు ప్రాథమికంగా తేలదన్నది ఆ తీర్పు సారం. ఈ తీర్పు గురించి మన బస్తీలో ఎంతమందికి తెలుసు? ఢిల్లీకి చెందిన మహమ్మద్ ఆమిర్ ఖాన్ చేయని నేరానికి దాదాపు 14 ఏళ్లు జైల్లో గడిపి, నందితా హక్సర్‌తో కలిసి తన కథను 2016లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చాడు. ముంబయి రైలు పేలుళ్ల కేసులో తొమ్మిదేళ్లు జైల్లో ఉండి 2015లో నిర్దోషిగా బయటికి వచ్చిన స్కూలు మాస్టారు అబ్దుల్ వాహిద్ షేక్ ‘బేగునాహ్ ఖైదీ’ని ఉర్దూలో రాశాడు. పోలీసు పిలిస్తే ఏం చేయాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు, వకీలును ఎప్పుడు అడగాలి అన్నవి ఇటువంటి పుస్తకాలు చదివినవాడికి అవసరం పడిన వేళ గుర్తుకు వస్తాయి. జైలు ఆత్మకథ అనే ఈ ప్రక్రియను మన కార్యకర్తలు సాహిత్యంగానూ చదవాలి, చేతిపుస్తకంగానూ చదవాలి.

అయితే పుస్తకాన్ని కేవలం కవచంగా చూస్తే సరిపోదు. అందులోని ఆనందం కూడా మన హక్కే. ఆ ఆనందాన్ని వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి మేము ఇచ్చే సలహా ఒక్కటే: మీ వీధి నుంచి మొదలుపెట్టండి.

మూసారాంబాగ్ పేరునే తీసుకోండి. నిజాం కొలువులో సేనాపతిగా ఉండి 1798లో మరణించిన ఫ్రెంచివాడు రేమాండ్‌ను ముస్లింలు మూసా రహీం అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారన్నది హైదరాబాద్ చెప్పుకునే మాట. అతని సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఇప్పటికీ ఉంది. (దిల్‌సుఖ్ అన్న మాటలోనూ ఫారసీ మనసు, మన దేశపు సుఖం కలిసే ఉన్నాయి. ఆ పేటలోనే ఇల్లు అద్దెకిచ్చేముందు పేరు అడగడం చిత్రమే.) ఆ కాలం ఎలా ఉండేదో తెలుసుకోవాలని ఒక కుర్రవాడికి అనిపిస్తే, విలియం డాల్‌రింపుల్ 2002లో రాసిన ‘వైట్ మొఘల్స్’ అతనికి తలుపు తెరుస్తుంది. బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, హైదరాబాదీ యువతి ఖైరున్నిసా కథ అది. చరిత్రే అయినా నవలలా చదివిస్తుంది. చదివాక కోఠి ఉమెన్స్ కాలేజీ పాత భవనం ముందు బస్సు ఆగితే, ఆ స్తంభాలు మరోలా కనిపిస్తాయి.

మూసీ వంతెన దాటుతుంటే 1908 సెప్టెంబరు వరద గుర్తుకు రావాలి. ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్న కవి అమ్జద్ హైదరాబాదీ తరువాత రుబాయీలకు ఉర్దూ లోకమంతటా పేరుపొందాడు. ఆయన రుబాయీలను తెలుగులోకి తెచ్చినవారు ఆదిలాబాద్ జిల్లాకు చెందిన సామల సదాశివ. ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగువారికి చెప్పినవారూ ఆయనే. గాలిబ్‌ను తెలుగు చేసి 1961లో ‘గాలిబ్ గీతాలు’గా అందించినవారు దాశరథి కృష్ణమాచార్య. ఉర్దూ చదవడం రాని మన పిల్లలకు వారి సొంత పెద్దల కవిత్వం ఇలా పొరుగింటి పెద్దల చేతుల మీదుగా అందవలసి వచ్చింది. సిగ్గుపడటానికి కాదు, కృతజ్ఞతతో తలుచుకోవడానికి ఇది చెబుతున్నాం. తెలుగులో ఖుర్ఆన్‌ను తొలిసారి అనువదించిన చిలుకూరి నారాయణరావు కూడా బ్రాహ్మణ పండితుడే.

1948 సంగతి వేరు. దాని గురించి మన ఇళ్లలో ముసలివాళ్లు సగం చెప్పి సగం మింగేసేవారు. సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఏళ్ల తరబడి బయటికి రాలేదు. ఎ.జి.నూరానీ 2013లో తెచ్చిన ‘ది డిస్ట్రక్షన్ ఆఫ్ హైదరాబాద్’లో ఆ నివేదికను చేర్చారు. అఫ్సర్ మహమ్మద్ 2023లో వెలువరించిన ‘రీమేకింగ్ హిస్టరీ’ పోలీసు చర్యను, ఆనాటి హైదరాబాద్ ముస్లింలను పరిశీలించింది. ఇవి రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. ధర కూడా మధ్యతరగతి ఇంటికి ఎక్కువే. కానీ కథల దారి తెరిచే ఉంది. నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్’ కథలు చదివితే, పోలీసు చర్యకు ముందూ తరువాతా ఈ నగరంలో ముస్లిం ఇంటి లోపల ఏం జరిగిందో చరిత్రకారుడికి అందని వివరాలతో తెలుస్తుంది. నివేదిక ఏం జరిగిందో చెబుతుంది. ఆ రాత్రి దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడుకోలేకపోయారో కథ చెబుతుంది. రెండూ కావాలి. రజాకార్ అన్న ఒక్క మాటతో ముస్లిం సమాజమంతటినీ మూటగట్టే నవలలూ తెలుగులో తక్కువ లేవు. వాటినీ చదవమనే మా మాట. చదవకుండా ఖండించినవాడి మాటకు విలువ ఉండదు.

కథలు, నవలలు అన్న చోట కొందరు పెద్దలు మొహం చిట్లిస్తారని మాకు తెలుసు. అవన్నీ కట్టుకథలు, కాలహరణం, పిల్లల అఖ్లాఖ్ పాడుచేస్తాయని అంటారు. వారి పట్ల గౌరవంతోనే ఒక మాట అడుగుతాం. తరతరాలుగా మదరసాలలో పాఠంగా చెప్పిన షేక్ సాదీ ‘గులిస్తాన్’ కథల పుస్తకం కాదా? మన పంచతంత్రం పహ్లవీ మీదుగా ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిలో అరబ్బీ ‘కలీలా వ దిమ్నా’ అయి, అక్కడి నుంచి లోకమంతా తిరిగింది. నక్కలు మాట్లాడటం అబద్ధమని బాగ్దాదు ఆ పుస్తకాన్ని తోసిపుచ్చలేదు. పన్నెండో శతాబ్దంలో అందలూసియాకు చెందిన హకీము, తత్త్వవేత్త ఇబ్న్ తుఫైల్ ‘హయ్ ఇబ్న్ యఖ్జాన్’ రాశాడు. మనుషుల్లేని దీవిలో లేడి పాలు తాగి పెరిగిన ఒక శిశువు, చూసి, కోసి, ఆలోచించి, చివరికి సృష్టికర్త ఉనికిని తన బుద్ధితోనే తెలుసుకుంటాడు. 1671లో అది లాటిన్‌లోకి వెళ్లి యూరప్ పండితుల చర్చల్లోకి ఎక్కింది. కల్పన ద్వారా సత్యాన్ని వెతికిన ఆ పుస్తకం మన వారసత్వంలోదే.

డిటెక్టివ్ నవల కూడా పరాయిది కాదు. 1952లో అలహాబాదులో ‘జాసూసీ దునియా’ మొదలుపెట్టిన ఇబ్నె సఫీ కోసం హైదరాబాద్ పాతనగరంలోనూ ఒక తరం పాఠకులు ఎదురుచూశారు. ఆ నవలల చలవతోనే ఉర్దూ చదవడం కుదిరిందని చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. సైన్స్ ఫిక్షన్ అంటే అమెరికా సినిమా అనుకునే మన అమ్మాయిలకు రుఖియా సఖావత్ హుసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ చేతిలో పెట్టండి. 1905లో మద్రాసు నుంచి వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చయింది. స్త్రీలు ఏలే దేశంలో ఎండతో వంట చేసుకుంటారు, ఆకాశంలో బండ్లు నడుపుతారు, మగవాళ్లు మర్దానాలో కూర్చుంటారు. నూట ఇరవై ఏళ్ల కిందటి ముస్లిం స్త్రీ ఊహ అది. కాలేజీకి వెళ్లే పిల్ల నవ్వుతూ చదివి, నవ్వు ఆగాక ఆలోచిస్తుంది.

ఇక తెలుగులో మన సొంత గొంతు సంగతికి వస్తే మా ఫిర్యాదు బయటివాళ్ల మీద కాదు, మన మీదే. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. ముస్లిం కవుల సంకలనం ‘జల్‌జలా’ 1998లో, ముస్లిం కథల సంకలనం ‘వతన్’ 2004లో స్కైబాబ సంపాదకత్వంలో వెలువడ్డాయి. షాజహానా ‘నఖాబ్’, యాకూబ్ కవిత్వం, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం పొందిన వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’, 2017లో అకాడమీ పురస్కారం అందుకున్న దేవిప్రియ ‘గాలిరంగు’ — ఇవన్నీ తెలుగు సాహిత్యంలో చర్చకు వచ్చాయి, విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలయ్యాయి. మన పెళ్లిళ్లలో కానుకలుగా ఎన్నడైనా చేతులు మారాయా? మసీదు కమిటీ ఏదైనా ఒక్క కాపీ కొన్నదా? సయ్యద్ నశీర్ అహమ్మద్ ‘అక్షరశిల్పులు’లో తెలుగు ముస్లిం రచయితల వివరాలను వందల సంఖ్యలో సేకరించి అచ్చువేశారు. అంతమంది రాశారని తెలిసి ఆశ్చర్యపోయేవారిలో ఎక్కువమంది మనవాళ్లే.

ఒక కారణం మాకు తెలుసు. ఈ రచయితల్లో కొందరు మన లోపలి సంగతులు కూడా రాశారు: తలాఖ్, కట్నం, అష్రాఫ్-అజ్లాఫ్ తేడాలు, దూదేకులవాళ్ల పట్ల మనకున్న చిన్నచూపు. అందువల్ల కొందరికి కోపం. కన్నడంలో బాను ముష్తాఖ్ కూడా ఇటువంటి కోపాన్ని చవిచూశారు. హాసన్‌కు చెందిన ఈ న్యాయవాది, ముస్లిం స్త్రీల బతుకు గురించి మూడు దశాబ్దాలుగా రాసిన కథల నుంచి 12 ఎంచి దీపా భాస్తి ఇంగ్లీషు చేసిన ‘హార్ట్ ల్యాంప్’కు 2025 మే నెలలో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. అదే సంవత్సరం మైసూరు దసరాను ఆమె ప్రారంభించడానికి వీల్లేదని బయటివాళ్లు కొందరు గొడవ చేశారు. ఇంట్లోవాళ్లకూ బయటివాళ్లకూ ఒకేసారి ఇబ్బంది కలిగించిన రచయితను మనం తప్పక చదవాలి. మన హక్కుల కోసం గట్టిగా అడిగేవాళ్లం, మన ఇంటి ఆడపిల్ల హక్కు గురించి రాసిన పుటను చించివేస్తే మన అడుగుకు బలం ఎక్కడిది?

పరాయి దుఃఖంలో మనల్ని మనం గుర్తుపట్టడం కూడా చదువులో భాగం. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఉద్యమాల్లో తిరిగిన తెలుగువాళ్లలో దానిని చదవనివారు అరుదు. ఆ కథలో సంకెళ్లతో ఓడ ఎక్కించబడ్డ కుంటా కింటే నమాజు చేసే ముస్లిం బాలుడన్న సంగతి మన పాఠకులకు ప్రత్యేకంగా తాకుతుంది. అదే హేలీతో కలిసి చెప్పిన మాల్కం ఎక్స్ ఆత్మకథ 1965లో వచ్చింది. జైల్లో డిక్షనరీని మొదటి పుట నుంచి ఎత్తి రాసుకుంటూ చదువు నేర్చుకున్న మనిషి కథ అది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో కానిస్టేబుల్ పరీక్షకు చదివే కుర్రవాడికి ఆ అధ్యాయం ఒక్కటి ఇచ్చినా చాలు.

పుస్తకాలు కొనే శక్తి అందరికీ లేదన్నది నిజం. అందుకే పౌర గ్రంథాలయాలను హక్కుగా అడగాలి. మన రాష్ట్రంలో ఆస్తిపన్ను కట్టే ప్రతి ఇల్లు అందులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతోంది. అద్దెకు ఉండేవాడు కూడా అద్దె రూపంలో దీనిని మోస్తున్నాడు. పురపాలక సంస్థ వసూలు చేసిన ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఏళ్ల తరబడి బకాయిలు పేరుకుపోతున్నాయన్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మన సంఘాలు షాదీఖానా కోసం, ఖబరస్తాన్ ప్రహరీ కోసం వినతిపత్రాలు ఇస్తాయి, ఇవ్వవలసిందే. శాఖా గ్రంథాలయంలో ఉర్దూ దినపత్రిక వస్తోందా, తెలుగు ముస్లిం రచయితల పుస్తకం ఒక్కటైనా ఉందా, ఆడపిల్లలు నిశ్చింతగా కూర్చునే చోటు, మరుగుదొడ్డి ఉన్నాయా అని అడిగిన వినతిపత్రం మాకింతవరకు కనిపించలేదు. ఒకప్పుడు మన పెద్దలు ప్రతి మొహల్లాలో దారుల్ ముతాలా నడిపారు. 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైనదే నేటి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1917లో ఉస్మానియాకు తోడుగా ఏర్పడిన దారుల్ తర్జుమా వైద్యం, న్యాయం, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఇంత చేసిన నగరంలో మనం ఇప్పుడు అడుగుతున్నది ఒక బీరువా.

ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కినవారికి ఎం.జి.బి.ఎస్.లో దిగితే సెంట్రల్ లైబ్రరీ దగ్గరే. అక్కడే రైలు మారితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి చిక్కడపల్లి నగర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలో అరుదైన ఉర్దూ పుస్తకాలు భద్రపరిచిన సుందరయ్య విజ్ఞాన కేంద్రం, డిసెంబరులో అయితే ఎన్.టి.ఆర్. స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శన, అన్నీ అందుబాటులో ఉంటాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు గుట్టలుగా ఉంటాయి; కుటుంబమంతా వెళ్లండి, పిల్లలను ఎంచుకోనివ్వండి, వాళ్లు ఎంచుకున్నది మీకు నచ్చకపోయినా కొనివ్వండి.

కార్యకర్తలకు ఈ నెల పని ఒకటి అప్పగిస్తున్నాం. సమాచార హక్కు చట్టం కింద రంగారెడ్డి, హైదరాబాద్ జిల్లాల గ్రంథాలయ సంస్థలకు దరఖాస్తు పెట్టండి. మన ప్రాంతపు శాఖలు ఎన్ని, ఎక్కడ, పనివేళలేమిటి. గత మూడేళ్లలో ఏ భాషలో ఎన్ని పుస్తకాలు కొన్నారు, వాటి జాబితా. సెస్సు కింద రావలసినదెంత, వచ్చినదెంత — ఇంతే అడగండి. రుసుము రూ.10, జవాబుకు గడువు 30 రోజులు, తెల్ల రేషను కార్డు ఉన్నవారికి రుసుము లేదు. వచ్చిన జవాబుల నకళ్లు మాకు పంపండి. ఏ శాఖలో ఏముందో, ఏం లేదో పేరుపేరునా ప్రచురిస్తాం.